తోలు తీయించింది మనం, తిట్లు ఎయిర్ ఫ్రయర్‌కు

హైదరాబాద్ ఇళ్ళలోకి ఎయిర్ ఫ్రయర్ ఎక్కువగా బ్లడ్ రిపోర్టు వెనకాలే వస్తుంది. ఇంట్లో ఎవరికో కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు నూనె తగ్గించమంటారు, ఆ వారంలోనే ఆన్‌లైన్ సేల్‌లో పెట్టె ఒకటి దిగుతుంది. మా పెద్దన్నయ్య ఇంట్లో అలాగే దిగింది. మా ఫ్లోర్‌లో ఇంకో రెండిళ్ళలోనూ అంతే. ఇక దాన్ని మందుల షాపు నుంచి తెచ్చుకున్న సరుకులా వాడటం మొదలవుతుంది. స్కిన్‌లెస్, బోన్‌లెస్ బ్రెస్ట్ పీసులు తెస్తారు. నూనె చుక్క వేయరు. ఉప్పు కూడా భయపడుతూ చల్లుతారు. 200 డిగ్రీలు పెట్టి అరగంట తిప్పి, ఎందుకైనా మంచిదని ఇంకో ఐదు నిమిషాలు కలుపుతారు. వచ్చినదాన్ని నమలలేక పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టుకుని, "దీంట్లో చికెన్ బాగా రాదండీ" అని తీర్పు చెప్పేస్తారు. ఆ తర్వాత ఆ మెషీన్‌కి మిగిలే పని ఆదివారం సాయంత్రం చల్లారిన సమోసాలు వేడి చేయడమే.

ఈ తీర్పు నాకు మింగుడుపడదు. రసం ఊరే బార్బెక్యూ చికెన్ ఎయిర్ ఫ్రయర్‌లో బ్రహ్మాండంగా వస్తుంది. రానిచోట ముప్పాతిక పాళ్ళు కారణం, దాన్ని డైట్ పరికరంగా చూడటం. కోడికి ఉన్న కొవ్వంతా ముందే ఊడబెరికి, పైన ఒక చుక్క నూనె కూడా పడనివ్వకుండా, ఎండబెట్టడంలో ఆరితేరిన మెషీన్‌లో పెట్టి, ఎండిపోయిందని ఆశ్చర్యపోతాం. మిగతా పాతిక పాళ్ళు మన భయం. చికెన్ సరిగ్గా ఉడకలేదేమో అన్న టెన్షన్ మనకు పుట్టుకతో వచ్చినట్టుంది.

ముందు ఆ పెట్టె లోపల ఏం జరుగుతుందో చూద్దాం. బుట్ట బయటికి లాగి, లోపలికి వంగి పైకి చూస్తే చుట్టలా తిరిగిన కాయిల్ ఒకటి, దాని పైన ఫ్యాన్ ఒకటి కనిపిస్తాయి. అంతకుమించి ఏమీ లేదు. అది చిన్న ఓవెన్, గాలి మాత్రం గట్టిగా తిరుగుతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్రెడ్ వాన్ డెర్ వై ఆలూ చిప్స్ తక్కువ నూనెతో కరకరలాడేలా రావాలని దీని మీద కూర్చున్నాడు. ఫిలిప్స్ కంపెనీ 2010లో బెర్లిన్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో దాన్ని జనం ముందుకు తెచ్చింది. చిప్స్‌కి కావాల్సింది పైన తడి త్వరగా ఆరిపోవడం. వేగంగా తిరిగే వేడిగాలి ఆ పని చక్కగా చేస్తుంది. ఇంకో సంగతి, ప్యాకెట్లలో దొరికే ఫ్రోజెన్ ఫ్రైస్ ఫ్యాక్టరీలోనే ఒకసారి నూనెలో వేగి వస్తాయి. ఇంట్లో నూనె వేయలేదని మురిసిపోయేవాళ్ళకు ఈ మాట ఎవరూ చెప్పరు.

పచ్చి కోడి మాంసంలో దాదాపు నాలుగింట మూడు వంతులు నీళ్ళే. ఆ నీళ్ళు పోకుండా కాపాడుకోవడమే జ్యూసీ చికెన్ అంటే. అలాంటి ముక్కని ఎలాంటి అడ్డూ లేకుండా గాలి కొట్టే చోట పెడితే ఏమవుతుంది? పైపొర ముందే బిగుసుకుపోతుంది, లోపలికి వేడి చేరేసరికి అంచులన్నీ నారలా తయారవుతాయి. ఆ అడ్డు కోడికి దేవుడే ఇచ్చాడు. దాని తోలు. తోలు కింద ఉన్న కొవ్వు వేడికి కరిగి మాంసం మీదుగా జారుతూ ఉంటుంది, తోలు తానే గాలికి ఎదురు నిలబడి ఎండి కరకరలాడుతుంది. ఎండేది తోలు, తడిగా ఉండేది మాంసం. ఎయిర్ ఫ్రయర్‌కి ఇంతకంటే తగిన సరుకు లేదు.

అమెరికా వాళ్ళ వీడియోలు చూసి చేసేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. అక్కడ లెగ్ పీస్ అంటే తోలుతోనే ఉంటుంది కాబట్టి వాళ్ళు ఆ మాట విడిగా చెప్పరు. మన దగ్గర విడిగా అడిగితే తప్ప తోలు ఉండదు. మా మియాపూర్‌లో ఏ చికెన్ సెంటర్ బోర్డు చూసినా లైవ్, విత్ స్కిన్, స్కిన్‌లెస్ అని మూడు రేట్లు రాసి ఉంటాయి. విత్ స్కిన్ రేటు తక్కువే, అయినా క్యూలో పదిమంది ఉంటే అందరూ స్కిన్‌లెసే. నేను స్కిన్ ఉంచమని చెప్పిన మొదట్లో కొట్టతను కత్తి ఆపి, "స్కిన్‌తోనా? కుక్కకేనా మేడమ్?" అని అడిగాడు. మనుషులకే అన్నాను. "గట్లయితే పది నిమిషాలు ఆగాలె" అన్నాడు.

ఆ పది నిమిషాలు ఎందుకంటే, స్కిన్‌లెస్ కోడికి ఈకలు పీకే పనే లేదు. చొక్కా విప్పినట్టు ఈకలతో సహా తోలంతా ఒక్క లాగుడుతో వచ్చేస్తుంది. తోలు ఉంచాలంటే కోడిని వేడినీళ్ళలో ముంచాలి, రబ్బరు వేళ్ళున్న డ్రమ్ములో వేసి తిప్పాలి, రెక్కల దగ్గర మిగిలిన ఈక మొదళ్ళు చేత్తో లాగాలి. రద్దీ వేళ ఎవరికి ఓపిక? అందుకే ఆదివారం పదకొండింటికి కాకుండా శనివారం సాయంత్రం వెళ్ళమంటాను. ఎలాగూ ఉప్పు ముందు రోజు రాత్రే పట్టించాలి, ఆ విషయం తర్వాత చెబుతాను.

విచిత్రమేమిటంటే, తోలు మనకు కొత్త కాదు. ఊళ్ళో నాటుకోడి కోసినప్పుడు ఎవరైనా తోలు తీసేవాళ్ళా? ఈకలు పీకి, ఒళ్ళంతా పసుపు రాసి, ఎండుగడ్డి మంట మీద అటూ ఇటూ తిప్పి కాల్చేవాళ్ళు. ఆ కాలిన పసుపు తోలు వాసన లేకపోతే అసలు నాటుకోడి పులుసే కాదనేవాళ్ళు మా తాతలనాటి మనుషులు. అదే మనుషుల మనవలు సిటీకొచ్చి, ఆరోగ్యం పేరుతో తోలు పారేసి, ఆ లోటు పూడ్చడానికి బిర్యానీలోకి డాల్డా దించుతున్నారు.

కొలెస్ట్రాల్ ఉన్నవాళ్ళ సంగతేంటి అని మా వదిన అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కోడి కొవ్వులో మూడింట రెండు వంతులు అసంతృప్త కొవ్వు, నెయ్యి, వెన్న అలా కాదు. అయినా డాక్టరు వద్దన్నారంటే వద్దు, డాక్టరుతో వాదించడానికి నేనెవర్ని? కాకపోతే తోలు తీయాల్సిన చోటు కొట్టు కాదు, కంచం. తోలుతో వండి, తినేముందు తోలు పక్కన పెట్టేస్తే కొవ్వులో చాలా భాగం దానితోపాటే పోతుంది, మాంసం మాత్రం తడిగానే మిగులుతుంది. తోలు అసలే దొరక్కపోతే ముక్కలకు ఒక చెంచా నూనె పట్టించడం తప్పనిసరి. నలుగురి వంటకి ఒక్క చెంచా నూనె. దానికి కూడా ఏడిస్తే ఉడకబెట్టుకుని తినడం మేలు.

ఏ ముక్క కొనాలన్నదాని మీద నాకు పెద్ద చర్చ అక్కర్లేదు, లెగ్ పీసులు, తొడ ముక్కలు. రోజంతా నడిచి బరువు మోసే కండరాలు అవి, వాటిలో కొల్లాజెన్ ఎక్కువ. 70 డిగ్రీలు దాటాక అది మెల్లగా కరిగి జెలటిన్ అవుతుంది, వేళ్ళకు జిగటగా అంటుకునేది అదే. అందుకే లెగ్ పీసు నాలుగు నిమిషాలు ఎక్కువైనా క్షమిస్తుంది. బ్రెస్ట్‌కి ఆ దయ లేదు. జిమ్ పిల్లలు ప్రోటీన్ అంటూ బ్రెస్టే అడుగుతారు, వాళ్ళు కూడా కనీసం ఎముక, తోలు ఉన్న ముక్క తీసుకుంటే సగం గండం గట్టెక్కినట్టే. నాటుకోడిని మాత్రం ఇందులో పెట్టకండి. రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధనా సంస్థ తయారుచేసిన వనరాజా లాంటి పెరటి కోళ్ళకూ ఇదే మాట. నెలల తరబడి తిరిగి పెరిగిన కోడి గట్టిగా ఉంటుంది, దానికి కుక్కర్, పులుసు, తీరిక కావాలి.

బాయిలర్ కోడి లెక్క వేరు. ఆరు వారాల వయసుకే రెండు కిలోలకు అటూ ఇటూగా తూగి కొట్టుకు వచ్చేస్తుంది. అంత లేత మాంసాన్ని ఇంకా మెత్తబరచడానికి మనవాళ్ళు పచ్చి బొప్పాయి, నిమ్మరసం, పుల్ల పెరుగు మూడూ కలిపి రాత్రంతా నానబెడతారు. బొప్పాయిలో ఉండే పపైన్ మాంసకృత్తులను తెగ్గొడుతుంది. వేడి రాతి పలక మీద కాల్చే పత్థర్ కా గోష్త్‌లో మటన్‌కి అది అవసరం. ఆరు వారాల కోడికి రాత్రంతా పట్టిస్తే పైన పిండిలా అయిపోతుంది, ఆ పిండి పొర వేడికి ఆరి రంపపు పొట్టులా నోట్లో తిరుగుతుంది. మెత్తగా ఉండటం వేరు, రసంగా ఉండటం వేరు. కోడికి మొదటిది కంపెనీ వాళ్ళే ఇచ్చేశారు, మనం చూసుకోవాల్సింది రెండోది.

పెరుగు మసాలా మందంగా పట్టించడంలో ఇంకో చిక్కుంది. ఆ పద్ధతి తందూరు కోసం పుట్టింది. తందూరులో వేడి 400 డిగ్రీలు దాటుతుంది, అంత వేడికి పెరుగులో నీళ్ళు క్షణాల్లో ఎగిరిపోయి అంచులు మాడతాయి. మన ఎయిర్ ఫ్రయర్‌లో మహా అయితే 200. అక్కడ ఆ మందపాటి పెరుగు ముందు ఉడుకుతుంది, నీళ్ళు పోయేదాకా ముక్క పైభాగం 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎరుపు రంగు రాదు. మాంసం ఎర్రబడి ఆ కమ్మటి వాసన రావాలంటే పైన తడి ఆరి 140 డిగ్రీలైనా తగలాలి. రంగు రాలేదని ఇంకో పది నిమిషాలు పెడతాం. రంగు వచ్చేసరికి లోపల ఉన్న రసమంతా కింద ట్రేలో ఉంటుంది.

రసం నిలిచేది ఉప్పుతో. మ్యారినేషన్ అంటే పదమూడు మసాలాల పేర్లు చదివేవాళ్ళు ఉప్పు సంగతి చివర్లో 'రుచికి తగినంత' అని తేల్చేస్తారు. కిలో ముక్కలకు 10 నుంచి 12 గ్రాములు, అంటే చదునుగా రెండు టీస్పూన్లు, ముందు రోజు రాత్రే పట్టించాలి. మొదట అరగంటకి ముక్కల మీద చెమట పట్టినట్టు నీళ్ళు ఊరతాయి. వాటిని పారబోయకండి. తెల్లారేసరికి ఆ ఉప్పునీళ్ళు మళ్ళీ లోపలికి పోతాయి. ఉప్పు కండలోని కొన్ని మాంసకృత్తులను కరిగించి వదులు చేస్తుంది, వేడి తగిలినప్పుడు అవి గట్టిగా ముడుచుకుని నీళ్ళను బయటికి పిండేయకుండా ఉంటాయి. మసాలా వాసనలు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల లోతుకి మించి పోవు. ఎముక దాకా వెళ్ళగలిగేది ఒక్క ఉప్పే. మసాలాలు కావాలంటే ఉప్పుతోపాటు ఒక చెంచా కాశ్మీరీ కారం, కాస్త మిరియాల పొడి, కాస్త వెల్లుల్లి పొడి పొడిగానే పట్టించండి, సరిపోతుంది.

ఉప్పు పట్టించిన ముక్కల్ని మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో కింది అరలో పళ్ళెంలో పరవాలి. కింది అర ఎందుకంటే, కారితే పెరుగు గిన్నెలో పడకూడదు. మూత లేకుండా పచ్చి చికెన్ ఫ్రిజ్‌లో పెట్టడం మీద మా ఇంట్లో అత్తయ్యకి గట్టి అభ్యంతరం ఉంది. పూలు, పాలు ఉండే చోట ఇదేంటని. ఆవిడ మాటా నిజమే, పై అరలన్నీ ఆవిడవి, కింది అర శనివారం రాత్రికి నాది అని రాజీ కుదిరింది. తెల్లారేసరికి తోలు కాగితంలా బిగిసి, ముట్టుకుంటే పొడిగా తగులుతుంది. అలా తగిలిందంటే వంట సగం అయినట్టే.

ఉప్పు పట్టించేముందు కడగడం గురించి కూడా ఒక మాట. పచ్చి చికెన్ కడగొద్దని అమెరికా వ్యవసాయ శాఖ ఏళ్ళుగా చెబుతోంది. కడిగితే క్రిములు పోవు, చిందిన నీళ్ళతో సింకు చుట్టూ పాకుతాయి. వాటిని చంపేది వేడి. మన చికెన్ సెంటర్ మొద్దు మీద నుంచి వచ్చిన ముక్కని పసుపు, ఉప్పు వేసి కడగకుండా వండమంటే వినే తెలుగువాళ్ళెవరో నాకు తెలియదు, నేనూ వినను. గిన్నెలో నీళ్ళు పోసి, పంపు కింద చిందించకుండా మెల్లగా కడిగి, తర్వాత సింకు సబ్బుతో తోమేయండి. ముఖ్యమైన పని ఆ తర్వాతది, టిష్యూతోనో పాత శుభ్రమైన నూలు గుడ్డతోనో ప్రతి ముక్కా తడి లేకుండా అద్దడం. తడి ముక్క మెషీన్‌లోకి వెళ్తే ముందు ఆవిరిలో ఉడుకుతుంది, అది ఇడ్లీ పాత్రలో పెట్టినా జరిగే పనే.

గాట్లు పెట్టడం కూడా మానేయమంటాను. లెగ్ పీసుకి మూడు గాట్లు మనకు చేతి అలవాటు, మసాలా లోపలికి దిగుతుందని. కూరలో అయితే గాట్లలోకి పులుసు దిగుతుంది. ఇక్కడ దిగేది వేడిగాలి. ప్రతి గాటూ తెరుచుకుని దాని అంచులు తోలు రక్షణ లేకుండా ఎండిపోతాయి. రాత్రంతా ఉప్పు పట్టిన ముక్కకి గాట్లతో పనిలేదు.

ఇప్పుడు భయం సంగతి. మనం చికెన్ ఉడికిందా అని చూసేది ఎముక నుంచి మాంసం విడిపోతోందా అని. కూరకి అది చక్కటి గుర్తు, ఎందుకంటే పోయిన రసమంతా గ్రేవీలోనే ఉంటుంది, అన్నంలో కలుపుకుంటాం. కాల్చే ముక్కకి గ్రేవీ లేదు, పోయింది పోయినట్టే. కోడి మాంసం ముక్క మధ్యలో 74 డిగ్రీలు తగిలితే తినడానికి నిక్షేపంగా ఉంటుంది, ఇది కూడా అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్కే. వాళ్ళ భాషలో 165 ఫారన్‌హీట్. బ్రెస్ట్‌ని 74 దగ్గర ఆపేయాలి, 80 దాటితే ఇక గుటక వేయలేం. లెగ్ పీసు 80 నుంచి 85 మధ్య బాగుంటుంది, 74 దగ్గర తినొచ్చు కానీ ఎముక పక్కన రబ్బరులా సాగుతుంది.

ఇదంతా కంటితో తెలియదు. కాశ్మీరీ కారం పట్టించిన ముక్క పచ్చిగా ఉన్నప్పుడూ ఎర్రగానే ఉంటుంది, ఉడికాకా ఎర్రగానే ఉంటుంది. కోసి చూస్తే ఎముక పక్కన గులాబీ రంగు కనిపించగానే "పచ్చిగా ఉంది" అని మళ్ళీ లోపలికి తోస్తారు. ఆరు వారాల కోడికి ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు, మూలుగలోని రంగు వేడికి వాటి గుండా బయటికి ఊరి పక్క మాంసాన్ని ఎర్రబరుస్తుంది. 85 డిగ్రీలు తగిలిన ముక్కలో కూడా అది కనిపించవచ్చు. కాబట్టి కొన్ని వందల రూపాయలు పెట్టి సూది ఉండే వంట థర్మామీటరు కొనుక్కోండి. ఆ సూదిని ముక్కలో బాగా మందంగా ఉన్నచోట, ఎముకకి తగలకుండా గుచ్చాలి. ఎముకకి తగిలితే అంకె మోసం చేస్తుంది. ఆరేడు వేలు పెట్టి మెషీన్ కొన్నవాళ్ళు దీని దగ్గర పిసినారితనం చూపిస్తారు, రెండింట్లో ఏదో ఒకటే ఉంచుకోమంటే నేను థర్మామీటరే ఉంచుకుంటాను.

డిగ్రీలంటే గుర్తొచ్చింది. అమెరికా వీడియోల్లో 375, 400 అని వినిపించేవి ఫారన్‌హీట్ అంకెలు, మన మెషీన్లలో 190, 200 అన్నమాట. 400 కోసం బటన్ నొక్కుతూ నా మెషీన్ పాతదా అని అడిగిన పక్కింటి పిన్నిగారి కోసం ఈ వాక్యం.

బార్బెక్యూ సాస్ దగ్గర మళ్ళీ ఒక పెద్ద గొడవ. సీసాలో దొరికే సాస్‌లో చక్కెర దండిగా ఉంటుంది. టమాటా, మొలాసిస్ అనే నల్లటి చెరకు పాకం కలిపి తియ్యగా, చిక్కగా చేసే అమెరికా కాన్సస్ సిటీ పద్ధతి సాస్ అది. దాన్ని మొదట్లోనే పూసి 200 డిగ్రీల్లో పెడితే పావుగంటకే చక్కెర నల్లగా మాడి చేదెక్కుతుంది, లోపల ముక్క ఇంకా పచ్చిగా ఉంటుంది. బయట మాడింది కదా అని తీసేస్తే ప్రమాదం, ఉంచితే బొగ్గు. సాస్ ఎప్పుడూ ఆఖరి ఐదారు నిమిషాల్లోనే పూయాలి. మొదటి నుంచీ పూస్తూ కాల్చాలంటే చక్కెర లేని సాస్ కావాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ యూనివర్సిటీలో కోళ్ళ శాస్త్రం చెప్పిన రాబర్ట్ బేకర్ 1950ల నాటికే అలాంటిది ప్రచారంలోకి తెచ్చాడు, నూనె, వెనిగర్, ఒక గుడ్డు, ఉప్పు, మిరియాలు గిలక్కొట్టి బొగ్గుల మీద కాలే కోడికి మళ్ళీ మళ్ళీ పూయడం. చికెన్ నగెట్స్‌కి దారి వేసింది కూడా ఆయనే. టమాటా గానీ తీపి గానీ లేకుండా బార్బెక్యూ ఏమిటని మనకనిపిస్తుంది, న్యూయార్క్ రాష్ట్రంలో ఆ వైపు వాళ్ళకి బార్బెక్యూ చికెన్ అంటే అదే. అలబామాలో అయితే మయొనైజ్‌తో చేసిన తెల్ల సాస్ పూస్తారు. కాబట్టి అసలు బార్బెక్యూ రుచి ఇదే అని ఎవరైనా సీసా చూపిస్తే మరీ లొంగిపోనక్కర్లేదు.

నేను ఇంట్లో చేసేది చింతపండు, బెల్లంతో. ఇందులో తెలుగు పౌరుషం ఏమీ లేదు. మొలాసిస్ అంటే చక్కెర తీయగా మిగిలిన చెరకు పాకం, బెల్లంలో అది తీయకుండా అలాగే ఉంటుంది. అక్కడి చాలా సాసుల్లో పులుపు కోసం పోసే వూస్టర్‌షైర్ సాస్‌లో చింతపండు ఎలాగూ ఉంది. చిన్న నిమ్మకాయంత చింతపండు నానబెట్టి చిక్కగా పిండాలి. ఒక ఉల్లిపాయ తురిమి రెండు చెంచాల నూనెలో ఎర్రగా వేయించి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి వేసి, నాలుగు పండు టమాటాల గుజ్జు పోసి నూనె తేలేదాకా మగ్గించాలి. తర్వాత చింతపండు గుజ్జు, రెండు పెద్ద చెంచాల బెల్లం తురుము, చెంచా కాశ్మీరీ కారం, అర చెంచా మిరియాల పొడి. ఉప్పు చిటికెడే, ముక్కకి ఇప్పటికే పట్టి ఉంది. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలవాలి, అప్పుడు దించి మిక్సీలో మెత్తగా తిప్పాలి. పులిహోర పులుసు తెలిసినవాళ్ళకి ఇది కొత్త పాకమేమీ కాదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, దోశలోకి కూడా పిల్లలు లాగించేస్తారు.

ఇక కాల్చడం. ముక్కలు ఫ్రిజ్‌లోంచి తీసి మెషీన్ మూడు నిమిషాలు ఖాళీగా వేడెక్కనివ్వాలి. బుట్ట కింది ట్రేలో పావు గ్లాసు నీళ్ళు పోయండి, కారిన కొవ్వు వేడి ఇనుము మీద పడి పొగ లేవకుండా. ముక్కలు ఒకే వరసలో, ఒకదానికొకటి తగలకుండా పెట్టాలి. మొహమాటపడి ఇంకో రెండు ఇరికిస్తే గాలి తిరగదు, అన్నీ పాలిపోయి వస్తాయి. 180 డిగ్రీలు, 18 నిమిషాలు, మధ్యలో ఒకసారి పటకారుతో తిప్పడం. పదో నిమిషం నుంచి చిటపటలు వినిపిస్తాయి, తోలు కింద కొవ్వు కరుగుతోందని అర్థం. 18 నిమిషాలకి బుట్ట లాగితే తోలు బంగారు రంగులో, అక్కడక్కడా బుడగలు లేచి ఉంటుంది. థర్మామీటరు 75 దాటి ఉండాలి. అప్పుడు సాస్ పల్చగా పూసి, 200కి పెంచి మూడు నిమిషాలు. మళ్ళీ ఒక పూత, ఇంకో రెండు మూడు నిమిషాలు. రెండో పూత మీద చిన్న చిన్న నల్ల మచ్చలు మొదలవగానే ఆపేయాలి. పళ్ళెంలోకి తీసి ఐదు నిమిషాలు ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. వెంటనే కొరికితే రసం కంచంలోకి కారిపోతుంది. పెద్ద ఫుల్ లెగ్ అయితే మొత్తం అరగంట దాకా పడుతుంది, అంకె చూసుకుని ఆపడమే. 1500 వాట్ల మెషీన్ 25 నిమిషాలు ఆగకుండా తిరిగినా కరెంటు 0.6 యూనిట్‌కి కాస్త పైన, పవర్ ప్లగ్గులోనే పెట్టండి చాలు.

"పొగ లేనిదే బార్బెక్యూ ఏంటి?" అనేవాళ్ళున్నారు. వాళ్ళతో నాకు గొడవ లేదు, వాళ్ళది నిజం. ఎయిర్ ఫ్రయర్ ముక్కని కాల్చగలదు, సాస్‌ని మెరిపించగలదు, పొగ మాత్రం పుట్టించలేదు. కానీ ఐదో అంతస్తు బాల్కనీలో బొగ్గుల గ్రిల్ వెలిగిస్తే పై అంతస్తు వాళ్ళ ఉతికిన బట్టలకి పట్టేది మన చికెన్ వాసనే, అరగంటలో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మన ఫ్లాట్ నంబరు మోగిపోతుంది. సగం ఫ్లాట్లలో మాంసం తినని ఇళ్ళున్న చోట అది మర్యాద కూడా కాదు. దీనికి మన హైదరాబాద్ వంటింట్లోనే మందుంది, దుంగార్, అంటే నిప్పు మీద నెయ్యి వేసి ఆ పొగ పట్టించడం. దానికి కావాల్సింది ఒకే ఒక్క బొగ్గు ముక్క.

ఆ ఒక్క ముక్క కోసం రెండు కిలోల ప్యాకెట్ ఆర్డర్ పెట్టే ముందు మీ గేటు దగ్గర ఇస్త్రీ బండి ఉందేమో చూడండి. మా గేటు దగ్గర ఇస్త్రీ చేసే పెద్దాయన ఇంకా బొగ్గుల పెట్టెతోనే రుద్దుతాడు. "ఒక్క బొగ్గుతోని ఏం చేస్తవమ్మా?" అని నవ్వి, సంచిలోంచి ఏరి మంచి కట్టె బొగ్గు ఇస్తాడు, డబ్బులు తీసుకోడు. అందుకని రెండు కాల్చిన ముక్కలు స్టీలు డబ్బాలో పెట్టి కిందికి పంపిస్తాను. ఇటుకల్లా అచ్చు పోసిన బొగ్గు, త్వరగా అంటుకోవడానికి మందు కలిపినది మాత్రం తిండి దగ్గర వాడొద్దు. బొగ్గుని గ్యాస్ మంట మీద ఎర్రగా అయ్యేదాకా కాల్చాలి. వెడల్పు గిన్నెలో ముక్కలు సర్ది, మధ్యలో చిన్న స్టీలు కప్పు పెట్టి, అందులో ఎర్రటి బొగ్గు వేసి, మీద అర చెంచా నెయ్యి చుక్కలు చుక్కలుగా వదిలి వెంటనే మూత బిగించాలి. తెల్లటి పొగ సుడులు తిరుగుతుంది. మూడు నిమిషాలు చాలు. ఐదు దాటితే పొగ చేదు పట్టి, అత్తరు ఒలకబోసుకున్న పెళ్ళికొడుకులా గుప్పుమంటుంది. కిటికీ తీసి, చిమ్నీ వేసుకుని చేయండి, మూసిన గదిలో బొగ్గు వెలిగించకూడదు.

మెషీన్‌కి చేతకానివి కూడా చెప్పాలి. నాలుగైదు లీటర్ల బుట్టలో ఒక వరసలో ఐదారు లెగ్ పీసులకి మించి పట్టవు. నలుగురి ఇంటికి అది చక్కగా సరిపోతుంది. పది మంది వచ్చిన రోజు మూడు వాయిలు తీసేసరికి మొదటి వాయి చల్లారిపోతుంది, వండేవాళ్ళు వంటింట్లోనే ఉండిపోతారు. నిండు కోడి అసలే వద్దు. బుట్టలో పట్టినా, పైభాగం కాయిల్‌కి తగిలేంత దగ్గరగా వెళ్ళి మాడుతుంది, బ్రెస్ట్ ఎండుతుంది, తొడ సందుల్లో పచ్చి మిగులుతుంది. అలాంటి రోజు బార్కస్ వైపు బండి తీయండి. యెమెన్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో పనిచేసిన వాళ్ళ వారసులు ఉండే పేట అది, మండీ అనే అరబ్బుల అన్నం, మాంసం వంటకం పెట్టే హోటళ్ళు వరసగా ఉంటాయి, నలుగురు చుట్టూ కూర్చునేంత పళ్ళెంలో అన్నం మీద నిండు కోళ్ళు తెచ్చిపెడతారు. ఆదివారం రాత్రయితే కాస్త ముందే బయల్దేరండి, తర్వాత కూర్చోవడానికి చోటు దొరకదు.